రెండేళ్లకే పాతబడిన జెట్లు: బోయింగ్ 707కు టర్బోఫ్యాన్ ఇంజిన్లు ఎందుకు వచ్చాయి?

1959 జనవరి 25న అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 707 ఒకటి లాస్ ఏంజిలిస్‌లో ప్రయాణికులను ఎక్కించుకుని న్యూయార్క్‌లో దించింది. అమెరికాను ఒక కొస నుంచి ఇంకో కొసకు జెట్‌లో దాటించే సర్వీసు అలా మొదలైంది. రెండేళ్లు గడిచాయి. 1961 మార్చి 12న అదే సంస్థ కొత్త రకం ఇంజిన్లున్న 707లను సర్వీసులోకి తెచ్చింది. అంతటితో ఆగలేదు. తన దగ్గరున్న పాత 707లకు కూడా ఇంజిన్లు మార్పించింది. పాతవి అంటున్నాం గానీ, వాటిలో చాలా విమానాల వయసు రెండేళ్ల చుట్టుపక్కలే.

కోట్ల డాలర్లు అప్పు తెచ్చి కొన్న విమానాలు. రంగు కూడా వెలవని వయసు. అలాంటివాటి ఇంజిన్లు ఎందుకు విప్పించినట్టు? ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు "ఇంధనం ఆదా". అందులో తప్పేమీ లేదు, కానీ దానితో సరిపెట్టుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. 1960 ప్రాంతంలో అమెరికాలో జెట్ ఇంధనం గాలన్ పదీ పన్నెండు సెంట్ల చుట్టుపక్కల దొరికేది. అంత చౌకగా దొరికే ఇంధనంలో పదో వంతు మిగులుతుందని మాత్రమే ఏ సంస్థా ఇంత పెద్ద పని నెత్తికెత్తుకోదు. నేను చూసినంతలో టర్బోఫ్యాన్‌తో దక్కిన అసలు లాభం టేకాఫ్‌లో ఉంది. ఎండ మండుతున్నా, రన్‌వే పొట్టిదైనా, చుట్టూ ఊళ్లున్నా నిండు బరువుతో నేల విడిచే సత్తా అది. ఆ సత్తా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు పాత ఇంజిన్ పడిన ఇబ్బంది తెలియాలి.

నీళ్లు తాగే ఇంజిన్

మొదటి 707లకు ప్రాట్ అండ్ విట్నీ సంస్థ తయారుచేసిన జేటీ3సీ అనే టర్బోజెట్ ఇంజిన్లు నాలుగేసి ఉండేవి. ఇది సైన్యం కోసం పుట్టిన ఇంజిన్. జే57 అనే పేరుతో 1952లో బీ-52 బాంబర్‌ను మొదటిసారి ఎగరేసింది ఇదే. టర్బోజెట్ పని తీరు చెప్పుకోవడం తేలికే. ముందు నుంచి గాలిని పీలుస్తుంది, కంప్రెసర్‌లో దాన్ని బాగా నొక్కుతుంది, దహన గదిలో కిరోసిన్ కలిపి మండిస్తుంది. వేడెక్కి ఉబ్బిన వాయువు టర్బైన్‌ను తిప్పి, వెనక గొట్టంలోంచి విపరీతమైన వేగంతో బయటపడుతుంది. ఇంజిన్ పీల్చిన గాలి అంతా మంటలోంచే వెళ్తుందన్న మాట గుర్తుంచుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

వేసవి మధ్యాహ్నం గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో ఇంజిన్‌కు అందే గాలి బరువు తగ్గుతుంది, దాంతో ముందుకు నెట్టే బలం, అంటే థ్రస్ట్ కూడా తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే రెక్కలకు కూడా ఎక్కువ వేగం కావాలి. ఈ రెండు దెబ్బలూ ఒకేసారి తగిలితే రన్‌వే చాలదు. దీనికి ఆనాటి విరుగుడు నీళ్లు. టేకాఫ్ సమయంలో శుద్ధి చేసిన నీటిని ఇంజిన్‌లోకి చిమ్మేవారు. నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది, గాలి చిక్కబడుతుంది. టర్బైన్ మరీ వేడెక్కకుండానే ఇంకాస్త ఇంధనం మండించే వీలు కలుగుతుంది. ఇలా చేస్తే ఒక్కో ఇంజిన్ సుమారు 13,000 పౌండ్ల థ్రస్ట్ ఇచ్చేది. నీళ్లు లేకపోతే అందులో గణనీయమైన భాగం తగ్గిపోయేది.

ఆ నీళ్ల బరువు తక్కువేమీ కాదు. ఒక్కో టేకాఫ్‌కు 5,000 నుంచి 6,000 పౌండ్లు, అంటే దాదాపు రెండున్నర టన్నులు. పాతికమందికి పైగా ప్రయాణికులు సామానుతో సహా తూగే బరువు. కొద్ది నిమిషాల్లో ఆ నీరంతా అయిపోతుంది. కానీ విమానానికి బరువు అన్నిటికన్నా భారమయ్యే క్షణం టేకాఫే. ఆ క్షణంలో రెండున్నర టన్నుల నీటిని మోయడానికి కొంత ఇంధనాన్నో కొంతమంది ప్రయాణికులనో వదులుకోవాల్సి వచ్చేది. పైగా నీటికోసం ట్యాంకులు, పంపులు, పైపులు, ప్రతి విమానాశ్రయంలో శుద్ధి నీటి సరఫరా.

ఇక నల్లటి పొగ, చెవులు చిల్లులు పడే హోరు. న్యూయార్క్ విమానాశ్రయాలను నడిపే పోర్ట్ అథారిటీ, జెట్ల చప్పుడు ఇంతకు మించకూడదని 112 పీఎన్‌డీబీల హద్దు పెట్టింది. చప్పుడు మనిషి చెవికి ఎంత బాధగా తోస్తుందో లెక్కగట్టే కొలమానం అది. ఆ హద్దులో ఉండడానికి బోయింగ్ ఇంజిన్ వెనక గొట్టాన్ని చిన్నచిన్న గొట్టాల కట్టగా చీల్చింది. హోరు కొంత తగ్గింది. దానికి ప్రతిఫలంగా థ్రస్ట్ తగ్గింది, బరువు పెరిగింది. అసలే టేకాఫ్‌లో బలం చాలని ఇంజిన్‌కు ఇంకో భారం ఎక్కించినట్టయింది. నాటి జెట్ల ఫొటోల్లో ఇంజిన్ల వెనక కనిపించే ఆ గొట్టాల గుత్తులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, ఇంజనీర్లకు అవి రోజువారీ నష్టం.

ఎక్కువ గాలి, తక్కువ వేగం

ఇప్పుడు భౌతికశాస్త్రం దగ్గరికి రావాలి. ఇది ఎంత తేలికైన లెక్కో చూస్తే, ఇన్నాళ్లూ ఎందుకు ఆగారా అని ఆశ్చర్యం వేస్తుంది.

థ్రస్ట్ అంటే సెకనుకు ఎన్ని కిలోల గాలిని వెనక్కి తోశాం, ఆ గాలి వేగాన్ని ఎంత పెంచాం అనే రెండింటి గుణకారం. కాబట్టి కొద్ది గాలిని మహా వేగంగా తోసినా, ఎక్కువ గాలిని ఓ మోస్తరు వేగంగా తోసినా థ్రస్ట్ ఒకటే రావచ్చు. అయితే దానికయ్యే శక్తి మాత్రం ఒకటి కాదు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఉదాహరణకు విమానం సెకనుకు 250 మీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. దానికి ఒక ఇంజిన్ 20,000 న్యూటన్ల థ్రస్ట్ ఇవ్వాలనుకుందాం. సెకనుకు 60 కిలోల గాలితో ఆ పని చేయాలంటే గాలి వేగాన్ని 333 మీటర్లు పెంచాలి. 150 కిలోల గాలితో అయితే 133 మీటర్లు పెంచితే చాలు. రెండు సందర్భాల్లోనూ విమానానికి ఉపయోగపడే శక్తి 50 లక్షల వాట్లే. కానీ మొదటి పద్ధతిలో వెనక గాలిలో కలిసిపోయే వృథా సుమారు 33 లక్షల వాట్లు, రెండో పద్ధతిలో సుమారు 13 లక్షల వాట్లు. ఇవి లెక్క అర్థం కావడానికి నేను తీసుకున్న అంకెలు, ఏ ఒక్క ఇంజిన్‌వీ కావు. సూత్రం మాత్రం అన్ని ఇంజిన్లకూ ఒకటే.

పడవ నడిపేవాడు సన్నటి కర్రతో నీటిని ఎంత విసురుగా కొట్టినా చేతులు నొప్పి పుడతాయే గానీ పడవ కదలదు. వెడల్పాటి తెడ్డుతో నిదానంగా తోస్తే కదులుతుంది. టర్బోఫ్యాన్ చేసేది ఆ పనే. ఇంజిన్ ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, అది తోసిన గాలిలో కొంత భాగాన్నే మంటలోకి పంపి, మిగతాదాన్ని ఇంజిన్ పక్కనుంచి చల్లగా వెనక్కి పంపేస్తుంది. పక్కనుంచి పోయిన గాలికీ మంటలోంచి పోయిన గాలికీ ఉన్న నిష్పత్తినే బైపాస్ నిష్పత్తి అంటారు.

నేను ముందే టేకాఫ్ అన్నది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. పరుగు మొదలుపెట్టే ముందు విమానం నిలబడి ఉంటుంది. ఆ స్థితిలో ఒకే శక్తితో రెట్టింపు గాలిని తోస్తే థ్రస్ట్ దాదాపు 41 శాతం పెరుగుతుంది. రెండు వర్గమూలం ఎంతో గుర్తుచేసుకోండి, ఆ లెక్క అదే. విమానం వేగం అందుకునే కొద్దీ ఈ లాభం తగ్గుతూ వస్తుంది. అంటే ఫ్యాన్ అందించే అదనపు బలం అత్యధికంగా ఉండేది టర్బోజెట్ బాగా బలహీనంగా ఉన్న చోటే. ఇంతకన్నా సరిగ్గా సరిపోయే మందు దొరకదు.

చప్పుడు సంగతి ఇంకా గొప్పది. వెనక్కి దూసుకుపోయే వాయువు హోరు దాని వేగం ఎనిమిదో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ లైట్‌హిల్ అనే బ్రిటిష్ గణితవేత్త 1952లో చూపించాడు. ఎనిమిదో ఘాతం! వేగాన్ని నాలుగో వంతు తగ్గిస్తే హోరు శక్తి పదో వంతుకు పడిపోతుంది. గొట్టాల గుత్తులతో పోరాడి తగ్గించిన దాన్ని ఫ్యాన్ తన సహజ స్వభావంతోనే తగ్గిస్తుంది, అదీ థ్రస్ట్ పెంచుతూ.

ఎవరు ముందు, ఎవరు వెనక

ఆలోచన కొత్తది కాదు. జెట్ ఇంజిన్‌కు ఆద్యుల్లో ఒకడైన బ్రిటిష్ ఇంజనీరు ఫ్రాంక్ విటిల్ 1936లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. రోల్స్ రాయిస్ వారి కాన్వే ఇంజిన్ 1952లోనే తిరిగింది. ఇక్కడ మనవాళ్లకు నిజంగా చెప్పుకోదగ్గ విషయం ఒకటుంది. ఎయిర్ ఇండియా కొన్న మొదటి 707లకు ఉన్నవి ఈ కాన్వే ఇంజిన్లే. 1960లో ఆ విమానాలతోనే ఎయిర్ ఇండియా ఆసియాలో జెట్లు నడిపిన మొదటి సంస్థ అయింది, అదే ఏడాది మే 14న న్యూయార్క్ సర్వీసు మొదలుపెట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఫ్యాన్ ఇంజిన్లను ప్రయాణికులకు చూపించడానికి దాదాపు ఏడాది ముందే మన విమానాలు బైపాస్ ఇంజిన్లతో సముద్రాలు దాటాయి.

అయితే కాన్వే బైపాస్ నిష్పత్తి 0.3 దరిదాపుల్లోనే ఉండేది. కిలో గాలి మంటలోంచి వెళ్తే పక్కనుంచి వెళ్లేది మూడు వందల గ్రాములు. ఎందుకంత తక్కువ? ఆ ఇంజిన్‌ను రెక్క లోపల పూడ్చిపెట్టే బ్రిటిష్ విమానాల కోసం గీశారు. రెక్క మందంలో ఇమడాలంటే ఇంజిన్ సన్నగా ఉండాలి, సన్నటి ఇంజిన్‌లో పెద్ద ఫ్యాన్ పట్టదు. 707లో ఇంజిన్లు రెక్క కింద వేలాడతాయి కాబట్టి లావు పెరిగినా చోటుంది. ఆ చోటును మొదట బాగా వాడుకోబోయింది మాత్రం బోయింగ్ పోటీదారు కన్వైర్.

కన్వైర్ 990 అనే విమానానికి జనరల్ ఎలక్ట్రిక్ ఒక వింత ఇంజిన్ తయారుచేసింది. దాని ఫ్యాన్ ముందు కాదు, వెనక ఉంది. ఇంజిన్ వాయువు బయటపడే చోట విడిగా తిరిగే ఒక చక్రం పెట్టారు. ఆ చక్రంలోని ప్రతి రేకు లోపలి సగం టర్బైన్‌లా వేడి వాయువు దెబ్బకు తిరుగుతుంది, అదే రేకు బయటి సగం ఫ్యాన్‌లా చల్లటి గాలిని తోస్తుంది. ఇలా చేయడానికి బలమైన కారణం ఉంది. ఆ ఇంజిన్‌లో ఇరుసు ఒక్కటే. కంప్రెసర్ మొత్తం ఒకే వేగంతో తిరుగుతుంది, ఆ వేగం పెద్ద ఫ్యాన్‌కు తగదు. కాబట్టి పాత ఇంజిన్ జోలికి పోకుండా ఫ్యాన్‌ను వెనక తగిలించారు. తెలివైన ఉపాయమే, కానీ ఒకే రేకు సగం మంటలో, సగం చలిలో తిరగడమంటే లోహానికి పెద్ద పరీక్ష. పైగా ముందుండే ఫ్యాన్ ఇంజిన్‌లోకి పోయే గాలిని కూడా కొంత నొక్కి పంపుతుంది. వెనక ఫ్యాన్‌తో ఆ సాయం ఉండదు.

1958లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధినేత సీ.ఆర్. స్మిత్ 25 కన్వైర్ 990లకు ఆర్డర్ ఇచ్చాడు. అప్పటిదాకా ఫ్యాన్ల మీద పెద్దగా ఆసక్తి చూపని ప్రాట్ అండ్ విట్నీకి టెన్షన్ మొదలైంది. జెట్ ఇంజిన్ల వ్యాపారంలో దాదాపు ఎదురులేని స్థానం, తమ అతి ముఖ్యమైన ఖాతాదారు, రెండూ ఒకేసారి చేజారేలా ఉన్నాయి. వాళ్ల జవాబే జేటీ3డీ.

ఈ ఇంజిన్ పుట్టిన తీరు నాకు ఇంజనీరింగ్ చరిత్రలో బాగా నచ్చే ఘట్టాల్లో ఒకటి. వాళ్లు కొత్త ఇంజిన్ గీయలేదు, ఉన్నదానికే శస్త్రచికిత్స చేశారు. జేటీ3సీలో ఇరుసులు రెండు, ఒకదాని లోపల ఒకటి. బయటి ఇరుసు మీద ఏడు వరసల రేకులున్న అధిక పీడన కంప్రెసర్, దాన్ని తిప్పే టర్బైన్. లోపలి ఇరుసు మీద తొమ్మిది వరసల అల్ప పీడన కంప్రెసర్, దాన్ని తిప్పే రెండు వరసల టర్బైన్. ఇంజనీర్లు ఆ తొమ్మిది వరసల్లో ముందున్న మూడింటిని తీసేసి, వాటి స్థానంలో పొడవాటి రేకులున్న రెండు వరసల ఫ్యాన్ పెట్టారు. ఫ్యాన్‌ను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి గనుక వెనక అల్ప పీడన టర్బైన్‌కు మూడో వరస చేర్చారు. మధ్యలో ఉన్న అధిక పీడన కంప్రెసర్‌నూ దహన గదులనూ వాటి వెనక టర్బైన్‌నూ అలాగే ఉంచారు.

ఇది సాధ్యమైంది రెండు ఇరుసులు ఉండబట్టే. లోపలి ఇరుసు తన వేగంతో తాను తిరుగుతుంది, బయటిదానితో పని లేదు. అందువల్ల ముందూ వెనకా మార్చినా నడిమి భాగానికి తెలియనంతగా మార్చవచ్చు. ఆ నడిమి భాగమే ఇంజిన్‌లో అన్నిటికన్నా కష్టమైనది, ఖరీదైనది, అన్నిటికన్నా వేడిగా ఉండేది. బాంబర్లలో, ఫైటర్లలో, ట్యాంకర్లలో ఏళ్ల తరబడి తిరిగి దాని రోగాలన్నీ అప్పటికే బయటపడ్డాయి, నయమయ్యాయి. కొత్త ఇంజిన్ అంటే విమానయాన సంస్థలు భయపడేది సరిగ్గా ఆ భాగం గురించే. ఆ భయం ఇక్కడ లేదు. పొడవైన ఫ్యాన్ రేకుల కొసలు ధ్వని వేగాన్ని మించి తిరుగుతాయి. అలాంటి రేకులు ఎలా మలచాలో అంతకు ముందు దశాబ్దంలో జరిగిన ప్రభుత్వ పరిశోధన నేర్పించింది. దాన్ని అరువు తెచ్చుకున్నారు.

ఫలితం: నీళ్లు అవసరం లేకుండా 17,000 పౌండ్ల థ్రస్ట్, తర్వాతి రకాల్లో 18,000. బైపాస్ నిష్పత్తి దాదాపు 1.4. ఆకాశంలో ఇంధన ఖర్చు పదో వంతుకు పైగా తగ్గింది. నీటి ట్యాంకులూ పంపులూ, దానితోపాటు రెండున్నర టన్నుల నీరూ మాయం. వెనక గొట్టాల గుత్తులు కూడా పోయాయి. అన్నిటికన్నా పెద్ద వ్యాపార ఎత్తుగడ ఏమిటంటే, ఈ మార్పును ఒక కిట్‌గా అమ్మారు. సంస్థ దగ్గరున్న జేటీ3సీ ఎలాగూ ఓవర్‌హాల్‌కు, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడానికి, వస్తుంది. విప్పినప్పుడే కొత్త భాగాలు బిగిస్తే జేటీ3డీ అయి బయటికొస్తుంది. పాత ఇంజిన్‌లో పెట్టిన డబ్బు బూడిదలో పోదు. ఈ ఒక్క వెసులుబాటు లేకపోతే అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన విమానాలన్నిటినీ మార్చే సాహసం చేసేది కాదని నా నమ్మకం.

పోటీ పెట్టిన కన్వైర్ 990 మాత్రం గాలి నిరోధం సమస్యలతో ఆలస్యంగా, 1962లో వచ్చింది. మాట ఇచ్చిన వేగం అందుకోలేక తంటాలు పడింది. మొత్తం 37 విమానాలతోనే దాని తయారీ ఆగిపోయింది.

ఇంజిన్ ఒక్కటే మారితే సరిపోదు

రెక్క కింద ఒక ఇంజిన్ విప్పి ఇంకోటి బిగించడం బయటినుంచి చూసేవారికి తేలిక పనిలా కనిపిస్తుంది. కానీ ఫ్యాన్ వల్ల ఇంజిన్ ముందు భాగం లావెక్కింది, కాబట్టి తొడుగు మొత్తం మార్చాలి. 707లో ఫ్యాన్ గాలిని ఇంజిన్ వెనక దాకా తీసుకుపోకుండా, తొడుగు ముందు భాగం దాటగానే రెండు పక్కలా బయటికి వదిలేశారు. అందుకే ఈ ఇంజిన్ ముందు లావుగా, వెనక సన్నగా కనిపిస్తుంది. పాత ఫొటోల్లో ఏ 707కు టర్బోజెట్ ఉందో, దేనికి టర్బోఫ్యాన్ ఉందో గుర్తుపట్టడానికి ఇదే ఆనవాలు. టేకాఫ్‌లో ఎక్కువ గాలి కావాలి గనుక తొడుగు చుట్టూ వాటంతట అవే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టారు. నేల మీద వేగం తగ్గించే రివర్సర్ కూడా ఇప్పుడు ఫ్యాన్ గాలికి ఒకటి, వేడి వాయువుకు ఒకటి కావాల్సి వచ్చింది.

తర్వాత రెక్క. బోయింగ్ అప్పటికే 707కు తమ్ముడిలాంటి 720 అనే విమానం కోసం రెక్క మొదట్లో, విమాన శరీరానికీ లోపలి ఇంజిన్‌కూ మధ్య, ముందు అంచును కొంత పొడిగించింది. రెక్క ముందు అంచున అదనపు ఫ్లాప్‌లు చేర్చింది. ఈ మెరుగులు ఫ్యాన్ ఇంజిన్లున్న 707-120బీలోకి కూడా వచ్చాయి. తోక దగ్గరి అడ్డ రెక్క వెడల్పు పెరిగింది. ఇంజిన్ బలం, రెక్క పట్టు రెండూ కలిస్తేనే పొట్టి రన్‌వే లొంగింది.

మూడోది తోక నిలువు రెక్క, దాని చుక్కాని. ఒక పక్క ఇంజిన్ ఆగిపోతే రెండో పక్క బలం విమానాన్ని గిర్రున తిప్పేస్తుంది. ఇంజిన్లు బలమైనవయ్యే కొద్దీ ఆ తిప్పుడు బలం పెరుగుతుంది. ఇది కాగితం మీది ప్రమాదం కాదు. 1959 ఆగస్టు 15న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 707 ఒకటి లాంగ్ ఐలాండ్‌లో శిక్షణ విమానంగా ఎగురుతూ, ఒక పక్క ఇంజిన్లు ఆగినట్టు అభ్యాసం చేస్తుండగా కూలి ఐదుగురు సిబ్బందీ చనిపోయారు. బ్రిటన్ ధ్రువీకరణ అధికారులు తమ దేశ సంస్థ కొనే 707లకు తోక పెంచాల్సిందేనని పట్టుబట్టారు. ఆ కాలంలోనే 707ల నిలువు రెక్క ఎత్తు పెరిగింది, చుక్కానికి హైడ్రాలిక్ బలం తోడైంది. ఇవి లేకుండా బలమైన ఇంజిన్లు బిగించి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే కష్టంగా ఉంటుంది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదట తీసుకున్న 707లు 25. లాంగ్ ఐలాండ్‌లో ఒకటి, 1961 జనవరిలో సముద్రంలో ఒకటి, రెండూ శిక్షణలోనే పోయాయి. మిగిలిన 23 విమానాలకూ ఫ్యాన్ ఇంజిన్లు వేయించింది. తన పది 720లకు కూడా. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్ కూడా తన పొట్టి 707లను ఇలాగే మార్పించింది. పసిఫిక్ మహాసముద్రం మీద దూరాలు, వేడి దీవులు ఉన్న దారుల్లో తిరిగే సంస్థకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

అందరూ అలా చేయలేదు. టీడబ్ల్యూఏ అనే ఇంకో అమెరికా సంస్థ తన పాత టర్బోజెట్ 707లను మార్చకుండా వదిలేసి, ఫ్యాన్ ఇంజిన్లున్న కొత్తవి కొనుక్కుంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన 720లను టర్బోజెట్లతోనే నడిపింది. ఇక పెద్ద 707-320లకు జేటీ4ఏ అనే ఇంకో టర్బోజెట్ ఉండేది. జేటీ3సీకి ఉన్నట్టు దాన్ని ఫ్యాన్‌గా మార్చే తేలికైన దారి లేదు. కాబట్టి వాటిని వాడేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. అంటే మార్చాలా వద్దా అనేది సాంకేతికం కన్నా, ఏ దారుల్లో తిరుగుతున్నారు, ఏ రన్‌వేలు వాడుతున్నారు, చేతిలో ఏ ఇంజిన్ ఉంది అన్నవాటి మీదే ఎక్కువ ఆధారపడింది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు ఇంకో లెక్క కూడా ఉంది. ఫ్యాన్ ఇంజిన్లున్న విమానాలకు "ఆస్ట్రోజెట్" అని పేరు పెట్టి జోరుగా ప్రచారం చేసింది. పక్క సంస్థ జెట్ మామూలు జెట్, మాది తర్వాతి తరం జెట్ అని ప్రయాణికుడికి చెప్పడానికి ఆ పేరు పనికొచ్చింది. అలా చెప్పాక తన దగ్గరే సగం విమానాలు మామూలు జెట్లుగా ఉంటే కుదరదు. ఒకే దారిలో ఉదయం ఒక రకం, సాయంత్రం ఇంకో రకం తిప్పితే బరువు లెక్కలు, విడిభాగాలు, పైలట్ల శిక్షణ అన్నీ రెండేసి అవుతాయి. అన్నిటినీ ఒకే రకం చేయడంలో ఉన్న సుఖం, ఏ లెక్కల పుస్తకంలోనూ విడిగా కనిపించని పెద్ద లాభం.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. చప్పుడు సమస్య పూర్తిగా తీరలేదు. టేకాఫ్‌లో హోరు తగ్గింది, కానీ దిగేటప్పుడు ఆ రెండు వరసల ఫ్యాన్ సన్నటి కీచు అరుపు పెట్టేది. విమానాశ్రయాల పక్క ఊళ్లవాళ్లకు కొత్త బాధ మొదలైంది. అమెరికా ప్రభుత్వం 1969లో చప్పుడు నిబంధనలు తెచ్చింది. 1985 వచ్చేసరికి ఆ నిబంధనలకు లోబడని 707ల వంటివి అమెరికాలో తిరగడానికి వీల్లేకుండా పోయింది.

ఆ లోపే అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన 707లను పక్కనపెట్టింది. విమానాలు పాతబడ్డాయి, ఇంజిన్లు కాదు. అమెరికా వైమానిక దళం దగ్గర అప్పటికీ నీళ్లు తాగే పాత టర్బోజెట్లతో కేసీ-135 ట్యాంకర్లు ఎగురుతున్నాయి. విమానయాన సంస్థలు వదిలేసిన 707ల జేటీ3డీ ఇంజిన్లను తీసుకుని 150కి పైగా ట్యాంకర్లకు బిగించారు. ఇంధనం 14 శాతం ఆదా అయింది, గాలిలో ఇతర విమానాలకు అందించగలిగే ఇంధనం 20 శాతం పెరిగింది. మిగతా ట్యాంకర్లకు ఇంకా పెద్ద ఫ్యాన్ ఉన్న సీఎఫ్ఎం56 ఇంజిన్లు వేశారు. అదే ఇంజిన్‌ను 1979లో ఒక 707కు కూడా బిగించి ఎగరేసి చూశారు. బోయింగ్ దాన్ని అమ్మకానికి పెట్టలేదు, ఎందుకంటే అప్పుడు చేతిలో కొత్త 757 ఉంది. పోటీదారు డగ్లస్ డీసీ-8ల్లో మాత్రం 110 విమానాలు సీఎఫ్ఎం56కు మారి, సరుకు రవాణాలో దశాబ్దాలు తిరిగాయి.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడుందో 737 చరిత్ర చూస్తే తెలుస్తుంది. నేలకు దగ్గరగా కూర్చునే ఆ విమానానికి సన్నటి ఇంజిన్లు పోయి సీఎఫ్ఎం56 వచ్చినప్పుడు తొడుగు అడుగును చదునుగా నొక్కాల్సి వచ్చింది. 737 మాక్స్ అనే కొత్త రకానికి ఇంకా పెద్దదైన లీప్ ఇంజిన్ వచ్చేసరికి దాన్ని ముందుకూ పైకీ జరిపారు. అందువల్ల కొన్ని పరిస్థితుల్లో ముక్కు పైకి లేచే గుణం పెరిగింది, దాన్ని సరిచేయడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్ 2018లో, 2019లో రెండు ప్రమాదాలకు దారితీసి 346 మంది ప్రాణాలు తీసింది. 1961లో రెక్కనూ తోకనూ ఇంజిన్‌తోపాటు మార్చారు. మాక్స్‌లో ఆ భారం సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. నా దృష్టిలో రెండు కాలాల మధ్య అసలు తేడా ఇదే. ఈ లీప్ ఇంజిన్ల విడిభాగాలు కొన్ని హైదరాబాద్‌లోని సాఫ్రాన్ కర్మాగారంలో తయారవుతున్నాయి. లీప్ రకాల్లో కొన్నిటి బైపాస్ నిష్పత్తి 11 దాకా చేరింది.

జేటీ3డీ సైనిక రూపం, టీఎఫ్33 పేరుతో, బీ-52 బాంబర్లకు 1961 నుంచీ పనిచేస్తూ వచ్చింది. వాటి స్థానంలో రోల్స్ రాయిస్ ఎఫ్130 ఇంజిన్లు వేయడానికి 2021 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. ఎనిమిది చిన్న ఇంజిన్లు తీసి నాలుగు పెద్దవి పెడితే ఖర్చు తగ్గుతుంది కదా అనే ఆలోచన ఏళ్లుగా నలిగింది. కానీ చివర ఉన్న ఒక పెద్ద ఇంజిన్ ఆగితే విమానాన్ని నిలబెట్టడానికి ఇప్పుడున్న చుక్కాని చాలదు, రెక్క కింద చోటూ చాలదు. అందుకే ఎనిమిదికి ఎనిమిదే పెడుతున్నారు.